దీపపు ఒత్తి

దీపపు ఒత్తి (వత్తి అని కూడా వ్రాస్తారు) అనగా దీపంలోని చమురును మంట వద్దకు చేర్చే నూలు పేలిక, దారం లేదా పీచు. చూడడానికి ఒత్తి కాలుతున్నట్లు కనిపిస్తుంది గాని నిజానికి కాలేది చమురు నుండి పుట్టిన ఆవిరి. ఒత్తి చమురుకు దారి మాత్రమే. మంట ఎంత వేగంగా చమురును తీసుకుంటుందో అంతే వేగంగా అది క్రింది నుండి అందుతున్నంత కాలం ఒత్తి నిలుస్తుంది. అందకపోతే ఒత్తే కాలిపోతుంది. ఒత్తిని ఎగదోయడం, కత్తిరించడం, మార్చడం వంటి పనులన్నీ ఈ సమతుల్యాన్ని కాపాడడానికే చేస్తారు. మట్టి ప్రమిదకు, కిరసనాయిలు లాంతరుకు, నేటి ఈ-సిగరెట్‌లోని తీగచుట్టకు కూడా ఈ సూత్రమే వర్తిస్తుంది. ఈ వ్యాసంలో అనంతపురం ప్రాంతపు దీపాలను ప్రధాన ఉదాహరణగా తీసుకొని ఒత్తి పనిచేసే విధానం, దాని సంరక్షణ వివరించబడ్డాయి.

పదజాలం

ఒత్తికి సంబంధించి తెలుగులో ప్రత్యేకమైన మాటలు ఉన్నాయి. ఒత్తి కొనయందు కాలి నల్లగా గట్టిపడిన భాగాన్ని "కొడి" అంటారు. కొడి పెరిగి వెలుగు తగ్గితే దీపం "కొడిగట్టింది" అంటారు. ప్రాణం పోయే స్థితిలో ఉన్నవారిని, క్షీణిస్తున్న వంశాన్ని కొడిగట్టిన దీపంతో పోల్చడం ఇందువల్లనే వచ్చింది. ఒత్తిని ముందుకు జరపడాన్ని "ఎగదోయడం" అంటారు. దీపం ఆరిపోయిందనడం అశుభమని భావించి "కొండెక్కింది" అనడం వాడుక. మట్టి దీపాన్ని ప్రమిద అనీ, లోహపు దీపాన్ని కుంది అనీ, నిలువు స్తంభంపై ఉండే దీపాన్ని సెమ్మె అనీ, కర్రకు గుడ్డ చుట్టి చమురులో తడిపి వెలిగించేదాన్ని దివిటీ లేక కాగడా అనీ అంటారు.

ఆకారాన్ని బట్టి కూడా ఒత్తులకు పేర్లు ఉన్నాయి. దూదిని పొడవుగా పేని ప్రమిద అంచుపై ఆనించేది అడ్డ ఒత్తి. అడుగు భాగం గుండ్రంగా ఉండి కొన పైకి నిలిచేది పువ్వొత్తి. కార్తీక పౌర్ణమినాడు 365 ఒత్తులను కట్టగా కట్టి ఒకేసారి వెలిగించే ఆచారం తెలుగువారిలో ఉంది. ఏడాదిలో ఏ రోజైనా దీపం పెట్టడం తప్పిపోయి ఉంటే ఆ లోపం దీనితో తీరుతుందని నమ్మకం.

పనిచేసే విధానం

నూలు పోగుల మధ్య సన్నని సందులు ఉంటాయి. ఇవి కేశనాళికల వలె పనిచేస్తాయి. ద్రవం పోగులకు అంటుకునే గుణం వల్ల, దాని తలతన్యత వల్ల చమురు భూమ్యాకర్షణకు ఎదురుగా పైకి ప్రాకుతుంది. ఈ ధర్మాన్ని కేశనాళికీయత అంటారు. సందులు ఎంత సన్నగా ఉంటే చమురు అంత ఎత్తుకు చేరగలదు, కాని అంత నెమ్మదిగా చేరుతుంది. సందులు వెడల్పైతే వేగం పెరుగుతుంది, ఎత్తు తగ్గుతుంది. అందువల్ల ఒత్తిని మరీ బిగువుగా పేనినా, మరీ వదులుగా పేనినా దీపం సరిగా వెలగదు.

కొన వద్దకు చేరిన చమురు మంట వేడికి ఆవిరిగా, వాయువులుగా మారి గాలిలోని ఆమ్లజనితో కలిసి మండుతుంది. ద్రవం ఆవిరి కావడానికి వేడి కావాలి. ఆ వేడిని అది ఒత్తి నుండి కూడా గ్రహిస్తుంది కనుక తడిగా ఉన్న ఒత్తి అంతగా వేడెక్కదు. చమురు తగ్గగానే ఈ రక్షణ పోతుంది. అప్పుడు నూలు మాడి బొగ్గవుతుంది. బొగ్గు పొరలు సందులను మూసివేస్తాయి. దానితో చమురు మరింత తక్కువగా అందుతుంది, ఒత్తి మరింతగా మాడుతుంది. దీపం ఒకసారి కొడిగట్టడం మొదలుపెడితే తనంతట తాను తేరుకోకపోవడానికి కారణం ఇదే.

మంటలోని పసుపు వెలుగుకు మూలం అందులో తేలే సన్నని కర్బన రేణువులు. ఇవి వేడికి ప్రకాశించి, మంట అంచున కాలిపోతాయి. ఒత్తి అవసరానికి మించి పైకి ఉంటే ఆవిరి ఎక్కువై, చాలినంత గాలి అందక, రేణువులు కాలకుండానే పొగగా బయటకు వస్తాయి. అదే మసి. అందువల్ల ఒత్తిని పెంచినకొద్దీ వెలుగు పెరుగుతుందనుకోవడం కొంతవరకే నిజం.

ఒత్తికి వాడే పదార్థాలు

ఒత్తికి ఎక్కువగా వాడేది ప్రత్తి. తెల్ల జిల్లేడు నార, తామర తూడుల నార, పాత నూలు పంచెల పేలికలు కూడా వాడతారు. శుద్ధి చేయని దూదిపై సహజంగా ఒక మైనపు పొర ఉంటుంది. ఈ పొర నీటిని దరిచేరనీయదు గాని నూనెను తేలికగా పీల్చుకుంటుంది. కనుక ఇంట్లో గింజలు తీసి పేనిన దూది దీపానికి చక్కగా సరిపోతుంది. నీటిలో కలిసే స్వభావం గల ద్రవాలకు మాత్రం ఈ మైనం తొలగించిన దూది అవసరం. ఆసుపత్రులలో వాడే దూది ఈ రకానికి చెందుతుంది. పాలియెస్టర్ కలిసిన బట్ట ఒత్తికి పనికిరాదు. అది మాడే బదులు కరిగి ముద్దకట్టి చమురు దారిని మూసివేస్తుంది.

చమురును బట్టి ఒత్తి

అనంతపురం ప్రాంతం పశ్చిమ కనుమల వర్షచ్ఛాయలో ఉంది. నైరుతి ఋతుపవనాలు కనుమల వద్దనే చాలావరకు కురిసిపోతాయి. ఈశాన్య ఋతుపవనాలు తూర్పు తీరం నుండి ఇంత దూరం వచ్చేసరికి బలహీనపడతాయి. సగటు వర్షపాతం సంవత్సరానికి సుమారు 550 మిల్లీమీటర్లు. ఇటువంటి నేలలో తట్టుకునే పంటలు వేరుశనగ, ఆముదం, కంది, కొర్ర వంటివి. బీళ్ళలోను, వాగుల గట్లపైన కానుగ పెరుగుతుంది. "చెట్టు లేని ఊరిలో ఆముదపు చెట్టే మహావృక్షం" అనే సామెతలోని చెట్టు ఈ మెట్టభూములలో నిజంగానే దీపానికి ఆధారమైంది. గింజలను వేయించి, దంచి, నీళ్ళలో ఉడికించి పైకి తేలిన ఆముదాన్ని తీయడం ఇళ్ళలో జరిగే పని.

ఆముదంలోని కొవ్వు ఆమ్లాలలో 85 నుండి 90 శాతం వరకు రిసినోలియిక్ ఆమ్లం ఉంటుంది. దీనివల్ల ఆముదం మిగిలిన వంటనూనెల కంటె చాలా చిక్కగా ఉంటుంది. సాధారణ ఉష్ణోగ్రత వద్ద దాని స్నిగ్ధత కిరసనాయిలు స్నిగ్ధతకు కొన్ని వందల రెట్లు. అందువల్ల ఆముదపు దీపానికి మూడు జాగ్రత్తలు కావాలి. ఒత్తి లావుగా, కొంచెం వదులుగా ఉండాలి. ప్రమిద లోతు తక్కువగా ఉండి చమురు మట్టం మంటకు దగ్గరలో ఉండాలి. చమురు తగ్గగానే మళ్ళీ పోస్తుండాలి. ఆముదం నెమ్మదిగా ఖర్చవుతుంది, పొగ తక్కువ, గాలికి ఆరి బంకగా గట్టిపడదు. ఈ గుణాల వల్ల పూర్వం రైలు దీపాలకు కూడా ఆముదాన్ని వాడేవారు. ఆముదపు దీపంపై పాత్ర బోర్లించి పట్టిన మసితోనే ఇళ్ళలో కాటుక చేసేవారు.

వేరుశనగ నూనె, కానుగ నూనె ఆముదం కంటె పలుచన. వీటికి మధ్యరకపు ఒత్తి చాలు. కిరసనాయిలు ఇంకా పలుచన కనుక బుడ్డిలో అడుగున ఉన్నా పైదాకా ఎక్కుతుంది. అందువల్లనే కిరసనాయిలు దీపాలలో చమురు పాత్ర క్రింద, మంట చాలా పైన ఉండే నిర్మాణం సాధ్యమైంది.

తోలుబొమ్మలాటలో ఒత్తి

ఒత్తి సంరక్షణ ఒక కళకు ప్రాణాధారమైన సందర్భం తోలుబొమ్మలాట. ధర్మవరం సమీపంలోని నిమ్మలకుంట గ్రామం ఈ కళకు ప్రసిద్ధి. పూర్వపు అనంతపురం జిల్లాలో ఉన్న ఈ గ్రామం 2022 ఏప్రిల్ 4న జరిగిన పునర్విభజనతో శ్రీ సత్యసాయి జిల్లాలో చేరింది. ఇక్కడి బొమ్మలాట కుటుంబాలవారు ఇంట మరాఠీ మాండలికం మాట్లాడుతూ, తెలుగులో రామాయణ, భారత కథలను ఆడిస్తారు.

మేకతోలును శుభ్రపరచి, వెలుతురు చొరబడేంత పలుచగా చేసి, రంగులు వేసి, సన్నని రంధ్రాలతో నగలు చెక్కి బొమ్మలు తయారు చేస్తారు. తెల్లని పంచెలను తెరగా కట్టి, బొమ్మలను తెరకు ఆనించి వెనుక నుండి ఆడిస్తారు. కదలని బొమ్మలను ఈత ముళ్ళతో తెరకు గుచ్చుతారు. వెలుగు బొమ్మ వెనుక నుండి వస్తేనే రంగులు ప్రేక్షకునికి కనిపిస్తాయి. విద్యుత్తు రాకముందు ఈ వెలుగును ఆముదపు దీపాలు ఇచ్చేవి.

ఆట రాత్రి మొదలై తెల్లవారే వరకు సాగేది. అంతసేపూ దీపాలు సమానంగా వెలగాలి. ఒత్తి కొడిగడితే తెరలో ఒక భాగం చీకటి అవుతుంది, ఆ భాగంలోని పాత్ర కనుమరుగవుతుంది. ఒత్తిని ఎక్కువగా ఎగదోస్తే మసి లేచి తెరను, బొమ్మలను నల్లబరుస్తుంది. మంట దగ్గరైతే తోలు ముడుచుకుపోతుంది. నెలల తరబడి శ్రమించి చేసిన బొమ్మ, తరువాతి తరానికి అందవలసిన బొమ్మ, ఒక్క క్షణంలో పాడవుతుంది. నూలు తెర, నూనె దీపం ప్రక్కప్రక్కన ఉండడం వల్ల నిప్పు భయమూ ఉంటుంది. కనుక కథ చెప్పడం, పాడడం, బొమ్మ ఆడించడంతో పాటు దీపాన్ని కనిపెట్టి ఉండడం కూడా ఆటలో భాగమే. కేతిగాడు, జుట్టుపోలిగాడు, బంగారక్క తెరపైకి వచ్చే హాస్య ఘట్టాలలో జనం నవ్వుతున్నప్పుడు కూడా తెర వెనుక ఆ పని ఆగదు.

నూనె దీపపు మంట నిశ్చలంగా ఉండదు. ఆ సన్నని కదలిక పలుచని తోలుపై పడి బొమ్మ ఊపిరి తీస్తున్నట్లు కనిపిస్తుంది. తరువాత వచ్చిన పెట్రోమాక్స్ దీపాలు, విద్యుత్ బల్బులు ఎక్కువ వెలుగు ఇచ్చాయి గాని ఈ కదలికను ఇవ్వలేకపోయాయి. పెట్రోమాక్స్‌లో వెలుగు ఇచ్చేది ఒత్తి కాదు. పీడనంతో వచ్చే కిరసనాయిలు ఆవిరి మండి, మాంటిల్ అనే వలను వేడి చేస్తే ఆ వల ప్రకాశిస్తుంది.

ఆటకు ఆదరణ తగ్గిన తరువాత నిమ్మలకుంట కళాకారులు అదే తోలుతో, అదే చెక్కుడు పనితో దీపాలకు గొడుగులు (లాంప్ షేడ్లు) తయారు చేయసాగారు. ఆంధ్రప్రదేశ్ తోలుబొమ్మలకు భౌగోళిక గుర్తింపు లభించింది. ఈ గ్రామానికి చెందిన కళాకారుడు దళవాయి చలపతిరావుకు 2020లో పద్మశ్రీ పురస్కారం ప్రకటించబడింది.

లాంతరు ఒత్తి

ఐరోపాలో ఒత్తి నిర్మాణంలో మొదటి పెద్ద మార్పు 1780 ప్రాంతంలో వచ్చింది. జెనీవాకు చెందిన ఏమీ అర్గాండ్ బోలుగా, గొట్టం ఆకారంలో ఉండే ఒత్తిని రూపొందించాడు. గాలి మంటకు వెలుపలి నుండే గాక లోపలి నుండి కూడా అందడంతో పొగ తగ్గి వెలుగు పెరిగింది. పైన అమర్చిన గాజు చిమ్నీ గాలిని పైకి లాగి మంటను నిలకడగా ఉంచింది. 19వ శతాబ్దం రెండవ భాగంలో కిరసనాయిలు విస్తరించాక బల్లపరుపు నేత ఒత్తి, పళ్ళచక్రంతో దానిని పెంచి తగ్గించే ఏర్పాటు సాధారణమయ్యాయి. ప్రక్కల గొట్టాలతో గాలిని మంటకు మళ్ళించే హరికేన్ లాంతరు ఈదురుగాలిలో కూడా ఆరదు. పొలం కాపలాకు, రాత్రి మోటకు, బండి ప్రయాణానికి, పిల్లల చదువుకు పల్లెలలో దశాబ్దాల పాటు ఇదే ఆధారం.

ఒత్తి సంరక్షణ

దీపం ఏదైనా ఈ క్రింది నియమాలు వర్తిస్తాయి.

1. కొత్త ఒత్తిని ఎండలో ఆరబెట్టి తేమ పోయాక వాడాలి. తేమ ఉంటే చమురు ఎక్కదు, మంట చిటపటలాడుతుంది.

2. వెలిగించే ముందు ఒత్తిని కొన వరకు చమురులో తడవనివ్వాలి. ఆముదపు ఒత్తిని ముందుగానే చమురులో ముంచి తీయాలి. పొడి కొనకు నిప్పు పెడితే మొదట కాలేది నూలే.

3. కొడిని ఎప్పటికప్పుడు తీసివేయాలి. ప్రమిదలో దీనికి పుల్లను వాడతారు. లాంతరులో చల్లారిన తరువాత మాడిన అంచును మాత్రం కత్తెరతో తిన్నగా కత్తిరించి, రెండు మూలలను కొద్దిగా గుండ్రం చేయాలి. మూల పొడుచుకొని ఉంటే అక్కడ మంట కొమ్ములా లేచి మసి పడుతుంది, చిమ్నీ పగులుతుంది.

4. ఒత్తి దాని గొట్టంలో సులువుగా జరగాలి. బిగుసుకొని ఉంటే పోగులు నలిగి చమురు అందదు. వదులుగా ఉంటే ప్రక్క సందు నుండి మంట క్రిందికి దిగే ప్రమాదం ఉంది.

5. చమురును పలుచని బట్టలో వడకట్టి పోయాలి. దుమ్ము రేగే మెట్టప్రాంతాలలో ఇది మరీ అవసరం. ఒత్తి వడపోత గుడ్డలా కూడా పనిచేస్తుంది కనుక చమురులోని మురికి అంతా దానిలోనే నిలిచిపోతుంది.

6. కిరసనాయిలులో నీరు చేరితే అది అడుగుకు దిగి ఒత్తి మొదలును తడుపుతుంది. అప్పుడప్పుడు పాత్రను పూర్తిగా ఖాళీ చేసి తుడవాలి.

7. కత్తిరించినా వెలుగు రాకపోతే, ఒత్తి గట్టిపడి గోధుమ రంగుకు మారితే, లేక పాత్ర అడుగును తాకనంత పొట్టిదైతే మార్చివేయాలి.

ప్రమాదాలు, ఆరోగ్యం

ఆముదపు ఆవిరి నిప్పుకు అంటుకోవాలంటే చమురు 200 డిగ్రీల సెల్సియస్‌కు మించి వేడెక్కాలి. కిరసనాయిలుకు సుమారు 35 నుండి 40 డిగ్రీలు దాటితే చాలు. పెట్రోలు ఆవిరి గడ్డకట్టే చలిలో కూడా అంటుకుంటుంది. కిరసనాయిలులో కొద్దిపాటి పెట్రోలు కలిసినా ఈ హద్దు బాగా తగ్గి, పాత్రలోని ఆవిరి ఒక్కసారిగా అంటుకొని దీపం పేలవచ్చు. వేసవిలో 40 డిగ్రీలు దాటే ప్రాంతాలలో స్వచ్ఛమైన కిరసనాయిలుతో కూడా జాగ్రత్త అవసరం. మండుతున్న దీపంలో గాని, వేడి తగ్గని స్టవ్వులో గాని చమురు పోయరాదు. సీసాకు గుడ్డ ఒత్తి పెట్టి చేసిన బుడ్డి దీపం దొర్లితే చమురు ఒలికి నిప్పు వ్యాపిస్తుంది. నూనె మంటపై నీళ్ళు పోయకూడదు, మూత లేదా తడి గోనెతో కప్పాలి. ఒళ్ళు కాలితే ఆ భాగాన్ని దాదాపు 20 నిమిషాలు చల్లని పారే నీటి క్రింద ఉంచి, వైద్యుని వద్దకు తీసుకువెళ్ళాలి. కిరసనాయిలును తాగునీటి సీసాలలో నిల్వ చేయరాదు. పిల్లలు పొరపాటున త్రాగితే అది ఊపిరితిత్తులలోకి చేరి ప్రాణాపాయం కలిగిస్తుంది.

కంటికి కనిపించే ప్రమాదాల కంటె నిత్యమూ పీల్చే మసి ఎక్కువ మందికి హాని చేసింది. చిమ్నీ లేని కిరసనాయిలు ఒత్తి దీపాలలో ఖర్చయ్యే చమురులో 7 నుండి 9 శాతం వరకు నల్లని కర్బన రేణువులుగా మారుతుందని 2012లో వెలువడిన అధ్యయనం తేల్చింది. ఇళ్ళలో కిరసనాయిలు వాడకం మంచిది కాదని ప్రపంచ ఆరోగ్య సంస్థ 2014 నాటి మార్గదర్శకాలలో సూచించింది. ఒత్తిని ఎంత శ్రద్ధగా కత్తిరించినా ఈ పొగను తగ్గించవచ్చు గాని పూర్తిగా తొలగించడం సాధ్యం కాదు.

విద్యుత్ తీగచుట్టపై ఒత్తి

ఈ-సిగరెట్‌లో ఒత్తికి మరొక రూపం కనిపిస్తుంది. దీనిని 2003లో చైనాకు చెందిన హాన్ లిక్ రూపొందించాడు. ద్రవాన్ని ఆవిరి చేసే భాగాన్ని అటామైజరు అంటారు. ఇందులో నిక్రోమ్ వంటి నిరోధక తీగను చుట్టగా చుట్టి, దాని మధ్య దూదిని దూర్చుతారు. దూది ద్రవాన్ని పీల్చుకుంటుంది, బ్యాటరీ విద్యుత్తుతో వేడెక్కిన తీగ ఆ ద్రవాన్ని ఆవిరి చేస్తుంది. ఇక్కడ మంట ఉండదు. తీగను, దూదిని వాడేవారే మార్చుకునే రకాలు కూడా విదేశాలలో ఉన్నాయి.

దీపానికి వర్తించే సూత్రమే దీనికీ వర్తిస్తుంది. ద్రవంలో ప్రధానంగా ఉండే ప్రొపిలీన్ గ్లైకాల్ 188 డిగ్రీల వద్ద, గ్లిసరిన్ 290 డిగ్రీల వద్ద మరుగుతాయి. దూది తడిగా ఉన్నంతసేపు ఉష్ణోగ్రత ఈ హద్దులలో ఉంటుంది. దూదిని బిగించి కూరితే, ద్రవం చిక్కగా ఉంటే, లేక పదేపదే త్వరగా పీలిస్తే ద్రవం అందక దూది మాడుతుంది. అప్పుడు ఫార్మాల్డిహైడ్, అక్రోలిన్ వంటి విషపదార్థాలు ఎక్కువగా పుడతాయి. తియ్యని రుచి పదార్థాలు తీగపై మాడి నల్లని పొరగా పేరుకుంటాయి. ఇది దీపపు కొడికి సమానం. దూదిని మార్చి, తీగను కడిగి ఈ పొరను తొలగిస్తారు గాని తీగ నుండి నికెల్, క్రోమియం వంటి లోహాలు ఆవిరిలో చేరడాన్ని ఈ శుభ్రత ఆపలేదు. నికోటిన్ వల్ల కలిగే వ్యసనాన్నీ ఆపలేదు. దీపపు మసిని గాలికి వదలవచ్చు, ఇక్కడ మాత్రం ఒత్తి నుండి వచ్చినదంతా నేరుగా ఊపిరితిత్తులలోకి వెళ్తుంది.

భారతదేశంలో ఈ-సిగరెట్లను 2019 సెప్టెంబరు 18న అత్యవసరాదేశం ద్వారా నిషేధించారు. అదే సంవత్సరం డిసెంబరులో పార్లమెంటు చట్టం దాని స్థానంలో వచ్చింది. తయారీ, దిగుమతి, అమ్మకం, రవాణా, పంపిణీ, ప్రకటన శిక్షార్హాలు. మొదటి నేరానికి ఒక సంవత్సరం వరకు జైలు లేదా లక్ష రూపాయల వరకు జరిమానా లేదా రెండూ, మళ్ళీ చేస్తే మూడు సంవత్సరాల వరకు జైలు, ఐదు లక్షల వరకు జరిమానా విధించవచ్చు. నిల్వ చేసినవారికి ఆరు నెలల వరకు జైలు లేదా 50,000 రూపాయల వరకు జరిమానా లేదా రెండూ ఉంటాయి.

ప్రస్తుత స్థితి

ఇంటింటా విద్యుత్తు, వంట గ్యాసు అందుబాటులోకి రావడంతో ఒత్తి నిత్యావసరంగా ఉండడం తగ్గిపోయింది. పూర్వపు ఆంధ్రప్రదేశ్‌లో 1999లో మొదలైన దీపం పథకం, 2016లో మొదలైన ఉజ్జ్వల పథకం గ్యాసు కనెక్షన్లను పేద కుటుంబాలకు చేర్చాయి. ఒత్తుల స్టవ్వులు, బుడ్డి దీపాలు చాలా ఇళ్ళ నుండి తప్పుకున్నాయి. ఊపిరితిత్తుల దృష్ట్యా ఇది మేలైన మార్పు. ఒత్తి నేడు పూజగదిలోను, కార్తీక దీపాలలోను, శుభకార్యాలలోను మిగిలి ఉంది. నిమ్మలకుంటలో చెక్కిన తోలు గొడుగుల వెనుక విద్యుత్ బల్బు వెలుగుతోంది. వెలుగు మూలం మారినా, వెనుక నుండి వచ్చే వెలుగుతో బొమ్మకు రంగు తెచ్చే పని మాత్రం ఆముదపు దీపాల కాలం నాటిదే.